ఉమ్మడి కార్యాలయములు – యజమానుల పొత్తు

నగరములలో కొంతకాలముగా ఒక కొత్త రకపు వ్యాపారము కానవచ్చుచున్నది. ఒకరు విశాలమైన గదులు గల మేడను అద్దెకు తీసికొని, అందు బల్లలు, కుర్చీలు వేయించి, ఇంటర్నెట్ అమర్చి, కరెంటు పోయినపుడు ఆధారముగా ఇన్వర్టరో జనరేటరో పెట్టించి, కాఫీకి ఒక మూల కేటాయించి, ఒక్కొక్క కుర్చీని దినమునకో నెలకో అద్దెకిత్తురు. అచట కూర్చుండువారు ఒకే కంపెనీ ఉద్యోగులు కారు. ఒకరు జమాఖర్చులు వ్రాయువారు, ఒకరు పుస్తకములకు బొమ్మలు వేయువారు, మరియొకరు దూరదేశపు కంపెనీకి కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాసి పంపువారు. ఎవరి పని వారిది, ఎవరి రాబడి వారిది. నీడ మాత్రము అందరికిని ఒకటే. దీనిని కోవర్కింగ్ అనుచున్నారు. మనము ఉమ్మడి కార్యాలయమని చెప్పుకొందము. ఆ కుర్చీలలో కూర్చుండు యువకులను గూర్చి పత్రికలు తరచుగా వ్రాయుచునే యున్నవి. కుర్చీలు వేయించినవారిని గూర్చి, అందును వెనుక పెద్ద కంపెనీ యండ లేక సొంతముగా నడుపుకొనువారిని గూర్చి, ఈ ప్రసంగమున నాలుగు మాటలు చెప్పదలచితిని.

ఈ వ్యాపారములోని చిక్కంతయు అద్దెలలో ఉన్నది. మేడ సొంతదారుతో ఒప్పందము సాధారణముగా కొన్ని ఏండ్లకు జరుగును. కొన్ని నెలల అద్దెను ముందుగా అడ్వాన్సు చెల్లింపవలెను. గోడలు, తలుపులు, ఏసీలు తన ఖర్చుతోనే అమర్చుకొనవలెను. కుర్చీలలో కూర్చుండువారో, నెల ముందు ఒక మాట చెప్పి లేచిపోగలరు. నలుబది కుర్చీల చోటొకటి కలదనుకొందము. ఇరువది ఎనిమిది నిండిననాడు అద్దె, కరెంటు బిల్లు, ఊడ్చువారి జీతము సరిపోవును. ఆపైన నిండిన కుర్చీలే ఆ యజమాని ఇంటి బియ్యము, పప్పు, పిల్లల చదువు. నాలుగైదు కుర్చీలు అటో ఇటో అయినచో సంసారము తలక్రిందులగును. అట్టివానికి రెండు వీధుల ఆవల మరియొక ఉమ్మడి కార్యాలయము తెరచినారన్న వార్త నిద్ర పట్టనీయదు. ఆ కొత్తవానితో స్నేహము చేయుడని మనము చెప్పినచో మన ముఖమువంక వింతగా చూచును. అయినను గడచిన ఇరువది సంవత్సరములలో అట్టి స్నేహము పలు దేశములలో జరిగినది. అది ఎచట నిలిచినదో, నిలుచుటకు ఏమి కావలసివచ్చినదో తెలిసికొనుట మనకు ఉపయోగకరము.

ఈ వ్యాపారపు పుట్టుకలోనే పంచుకొను గుణము కలదు. 2005 ఆగస్టు 9వ తేదీన శాన్ ఫ్రాన్సిస్కో నగరమున బ్రాడ్ న్యూబర్గ్ అను ప్రోగ్రామరు స్పైరల్ మ్యూజ్ అను చోట వారమునకు రెండు దినములు మాత్రము ఇట్టి ఏర్పాటును ప్రారంభించెను. ఉద్యోగమునకు పోయినచో స్వేచ్ఛ లేదు. ఇంట కూర్చుండి పని చేసినచో మాటలాడుటకు మనిషి లేడు. స్వేచ్ఛయు, తోడును ఒకచోట దొరకవలెనని అతని కోరిక. మడతబల్లలు వేసికొని కూర్చుండెను. మొదటి నెల ఒక్కరును రాలేదు. ఆ చోటు ఏడాది కంటె ఎక్కువ నడువలేదు. అయినను అతడు తన పద్ధతిని దాచుకొనలేదు; కావలసినవారు తీసికొని తమ ఊరిలో పెట్టుకొనవచ్చునని బాహాటముగా చెప్పెను. 2006లో అదే నగరమున క్రిస్ మెస్సీనా, టారా హంట్ అనువారు సిటిజెన్ స్పేస్ అనుదానిని నెలకొల్పిరి. ట్విట్టరులో మాటకు ముందు హ్యాష్‌ట్యాగు గుర్తు చేర్చు ఆచారమును 2007లో సూచించినవాడు ఈ మెస్సీనాయే. దానికిని ఆయన వెల కట్టలేదు. కొందరి చేతికి ఆ అలవాటు వచ్చినచో పోదు కాబోలు!

2007లో ఫిలడెల్ఫియా నగరమున ఇండిపెండెంట్స్ హాల్, సియాటిల్ నగరమున ఆఫీస్ నోమాడ్స్ అను చోట్లు తెరవబడెను. మొదటి పేరులో ఒక చమత్కారమున్నది. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన ఆమోదింపబడిన ఇండిపెండెన్స్ హాల్ ఆ ఊరిలోనే కలదు. స్వతంత్రముగా పనిచేసికొనువారి హాలు ఇది యని శ్లేష. ఈ చోట్ల యజమానులు ఒకరి వ్యాపారము నొకరు చూచి నేర్చుకొన్నవారే. తాళములు ఎవరి వద్ద ఉండవలెను, ఫోనులో బిగ్గరగా మాటలాడువానికి ఎట్లు చెప్పవలెను, నెల బాకీ పడినవానిని ఎన్ని దినములు ఓర్చవలెను – ఇట్టి చిన్న విషయములే ఈ వ్యాపారమున పెద్ద విషయములు. వీనిని పుస్తకములలో వెదకినచో దొరకవు. మరియొక యజమాని నోట వినవలెను.

ఈ పరిచయముల నుండి పుట్టినది కోవర్కింగ్ వీసా. పేరు హాస్యమునకు పెట్టినదే. ఒక ఊరి ఉమ్మడి కార్యాలయమున సభ్యుడైనవాడు వేరొక ఊరికి పోయినపుడు, అచటి కార్యాలయమున కొలది దినములు రుసుము చెల్లింపక కూర్చుండి పని చేసికొనవచ్చును. దీనికి ముద్రలు లేవు, కేంద్ర కార్యాలయము లేదు. చేరదలచిన యజమాని అందరును చూడగల ఒక పట్టికలో తన చోటు పేరును, ఎన్ని దినములు అతిథిని ఉండనిచ్చునో, ముందుగా ఏమి తెలిపి రావలెనో వ్రాసికొనిన చాలును. పలు దేశముల యజమానులు అందు తమ పేర్లు వ్రాసికొనిరి.

ఇందు నాకు అన్నిటికంటె విశేషముగా తోచినది లెక్కల పుస్తకము లేకపోవుట. సియాటిల్ నుండి ఎందరు ఫిలడెల్ఫియాకు వచ్చిరి, అటునుండి ఎందరు పోయిరి, ఎవరికి ఎవరు బాకీ – ఇట్టి ప్రశ్నయే పుట్టలేదు. పుట్టియున్నచో వీసా మొదటి సంవత్సరముననే ముగిసియుండెడిది. సముద్రతీరపు ఊరికి అతిథులు ఎక్కువ, మారుమూల ఊరికి తక్కువ. సరిసమానముగా ఎన్నడును రాదు. దానికి గుమాస్తాను పెట్టి లెక్క వ్రాయించినచో గుమాస్తా జీతమే అతిథుల రుసుము కంటె ఎక్కువ యగును. మరియు నేటి ఖాళీ కుర్చీని రేపటికి దాచుకొనలేము గదా! అది సాయంకాలము పూలంగడిలో మిగిలిన మల్లెల వంటిది. అమ్ముడుపోనిదానిని ఒక అతిథికి ఇచ్చుటచేత యజమాని పోగొట్టుకొనునది ఒక గిన్నెడు కాఫీ. తన సభ్యులకు మాత్రము, నీవు ఏ దేశము పోయినను నీకొక బల్ల కలదని చెప్పుకొనగలడు. అతి చిన్న చోటునకు అంత పెద్ద మాట చెప్పు అవకాశము మరి ఏ విధముగను రాదు.

మన పల్లెలలో చేబదులన్నది ఇట్టిదే. పొరుగింటికి గిద్దెడు నూనె ఇచ్చినపుడు చీటి వ్రాయించుకొనము. మరల వచ్చునది కొలతకు కొంచెము హెచ్చో తగ్గో యుండును. ఆ హెచ్చుతగ్గులను పట్టించుకొనకపోవుటచేతనే రాకపోకలు సాగును.

అయితే దూరపు ఊరివాడు అతిథి, ప్రక్కవీధివాడు పోటీదారు. ఇచటనే పరీక్ష. సియాటిల్ నగరమున స్వతంత్ర యజమానులు సియాటిల్ కొలాబొరేటివ్ స్పేస్ అలయన్స్ అను సంఘముగా ఏర్పడిరి. ఒకే ఊరిలో ఒకే సరకు అమ్మువారు ఏల కలిసిరని అడుగవచ్చును. నిజమునకు వారు ఒకే సరకు అమ్ముట లేదు. ఒక చోట గ్రంథాలయమంతటి నిశ్శబ్దము. ఒక చోట నలుగురును మాటలాడుకొనుచునే పని చేయుదురు. ఒక చోట వడ్రంగపు పనిముట్లు ఉండును. నిశ్శబ్దము కోరువాడు సందడి గల చోట చేరినచో నెల తిరుగకముందే పోవును, పోవుచు నలుగురితో చెడుగా చెప్పును. 'అయ్యా, మీ పనికి మా చోటు నప్పదు; ఆ వీధిలో ఫలానావారి చోటు చూడుడు' అని మొదటి దినముననే చెప్పి పంపిన యజమాని ఒక నెల రుసుము పోగొట్టుకొనును. కాని ప్రక్కవీధి యజమానియు ఇట్లే పంపును గనుక తనకు తగినవారు తన వద్దకు చేరుదురు. మరియొక సంగతి. ఈ యజమానులందరికిని అసలు పోటీదారు ఇంటిలోని భోజనపుబల్ల. ఊరిలో ఉమ్మడి కార్యాలయమన్నది ఒకటి కలదని తెలియని వందమందికి ఆ సంగతి తెలుపుటకు ఒక్కొక్కరు వేరువేరుగా ప్రకటన ఖర్చు పెట్టుకొనుట కంటె, నలుగురు కలిసి ఒక పట్టిక వేయుట తెలివి. అట్టి పట్టిక లేనిచోట దళారులు ఆ పని చేసిపెట్టి, ప్రతి కుర్చీ మీదను తమ వాటా తీసికొందురు.

ఇక పెద్ద కంపెనీల మాట. 2010లో న్యూయార్కున స్థాపింపబడిన వుయ్‌వర్క్ ఈ వ్యాపారమును నగర నగరమునకు విస్తరింపజేసెను. 2019 జనవరిలో దాని విలువ 4,700 కోట్ల డాలర్లని లెక్క కట్టిరి. ఆ సంవత్సరము సెప్టెంబరులో వాటాలను ప్రజలకు అమ్మబూని విరమించుకొనెను. 2023 నవంబరులో అమెరికా కోర్టులో దివాలా రక్షణ కోరి, 2024 జూన్ మాసమున అందునుండి బయటపడెను. పెద్దదాని జబ్బును, చిన్నదాని జబ్బును ఒక్కటే: దీర్ఘకాలపు అద్దె బాధ్యత, నెలవారీ రాబడి. కాని వైద్యము ఒక్కటి కాదు. పెద్ద కంపెనీ కోర్టుకు పోయి, భరింపలేని అద్దె ఒప్పందములను వదిలించుకొనగలిగెను. మన నలుబది కుర్చీల యజమాని వద్దకు అట్టి వకీళ్ళు రారు. ఆయన తాకట్టు పెట్టినది ఇల్లాలి నగలో, తండ్రి ఇచ్చిన స్థలమో అయియుండును. 2020 మార్చిలో కోవిడ్ వ్యాధి కారణముగా దేశములకు దేశములే తలుపులు వేసికొనినపుడు ఈ సంగతి స్పష్టమైనది. కుర్చీలన్నియు ఒక్కవారములో ఖాళీ అయ్యెను. అద్దె మాత్రము ఆగలేదు. పలు దేశముల స్వతంత్ర యజమానులు ఆ నెలలలో ఇంటినుండియే వీడియో సమావేశములు జరుపుకొని, మేడ సొంతదారుతో ఎట్లు మాటలాడవలెనో, ప్రభుత్వ సహాయమునకు ఎట్లు అర్జీ పెట్టవలెనో ఒకరికొకరు చెప్పుకొనిరి. అయినను ఎన్నో చోట్లు మూతపడెను. పరిచయము వేరు, బలము వేరు. సలహా పంచుకొనిన మాత్రమున అద్దె తీరదు.

బలము కావలెనన్నచో డబ్బు కలపవలెను. డబ్బు కలిసినచో లెక్క కావలెను. ఇందుకు జర్మనీ దేశపు ఉదాహరణము చెప్పెదను. ఆ దేశపు ఉత్తర కొననున్న ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రమున పల్లెలలో ఉమ్మడి కార్యాలయములు నడుచునా యని పరీక్షింపవలెనని, 2018లో ఒక కంటెయినరు పెట్టెను కార్యాలయముగా అమర్చి ఊరూరికిని తీసికొనిపోయిరి. పల్లెలలో ఉండి నగరపు ఉద్యోగమునకు దినదినము ప్రయాణము చేయువారు దానిని ఆదరించిరి. 2019లో ఇట్టి చోట్లు నడుపువారికై కోవర్క్‌ల్యాండ్ అను సహకార సంఘము ఏర్పడెను. ఒక్కొక్క పల్లెలోని యజమాని తన చోటును తానే నడుపుకొనును. కుర్చీని ముందుగా కేటాయించుకొనుటకు, రుసుము వసూలునకు కావలసిన కంప్యూటరు ఏర్పాటు, కొత్తగా తెరచువారికి సలహా, పత్రికలలో ప్రచారము – ఇవి సంఘము చేయును. పదిపన్నెండు కుర్చీల పల్లెటూరి చోటునకు సొంతముగా అట్టి ఏర్పాటు చేసికొను శక్తి యుండదు. పలువురు కలిసినచో ఒక్కొక్కరిపై పడునది కొంచెము.

ఈ కథకు మనకును ఒక పాత చుట్టరికమున్నది. 19వ శతాబ్దమున జర్మనీ పల్లెలలో రైఫైజన్ అనునాయన నెలకొల్పిన పరపతి సంఘములను పరిశీలించి రమ్మని, 1892లో మదరాసు ప్రభుత్వము ఫ్రెడరిక్ నికల్సన్ అను ఉద్యోగిని నియమించెను. 1895, 1897 సంవత్సరములలో రెండు సంపుటములుగా వెలువడిన ఆయన నివేదిక, మన పల్లెలకును అట్టి సంఘములే కావలెనని గట్టిగా చెప్పెను. 1904లో భారతదేశమున సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. నాడు మదరాసు రాజధానిలో ఉండిన మన సర్కారు జిల్లాలలోని సొసైటీలకు మూలము అచట ఉన్నది. ఎరువులు కొనుటకు సొసైటీ కార్యాలయపు అరుగుమీద కూర్చుండిన రైతు మనుమడు నేడు కంప్యూటరు ముందు కూర్చుండుటకు చోటు వెదకుచున్నాడు. సంఘపు పద్ధతి అతనికి కొత్తది కాదు.

పద్ధతి కొత్తది కాదు. అపనమ్మకమును కొత్తది కాదు. పొత్తులమగడు పుచ్చి చచ్చెనని మనవారి సామెత. నలుగురి సొత్తు ఎవరి సొత్తును కాకపోవుట మనము సొసైటీలలో చూచినదే. సామెత అబద్ధము కాదు గాని, అది పూచీ ఎవరిదో తేల్చుకొనని పొత్తులకు చెల్లును. ఎవరు ఎంత ఇచ్చిరి, ఎవరి చేతిలో ఖర్చు, మూడు నెలలకొకసారి ఎవరు తనిఖీ చేయుదురు అని ముందే వ్రాసికొనిన పొత్తుకు అంతటి దుర్గతి పట్టదు. తల్లీబిడ్డలైనను నోరును కడుపును వేరన్నది మరియొక సామెత. నా మనవి ఏమన్నచో, అతిథికి ఇచ్చు కుర్చీ, సలహా, నప్పనివానిని ప్రక్కవీధికి పంపుట – వీనికి లెక్క వ్రాయుట మొదలుపెట్టినచో స్నేహము చెడును. కలిపి కొనిన ఇంటర్నెట్ లైనుకు, కలిపి పెట్టుకొనిన గుమాస్తాకు, కలిపి వేసిన ప్రకటనకు లెక్క వ్రాయకున్నచో వ్యాపారము చెడును. చాలచోట్ల ఈ రెంటిని తారుమారు చేసికొనుచున్నారు. అతిథుల లెక్క కడు జాగ్రత్తగా వ్రాసి, ప్రకటన ఖర్చు మాత్రము తరువాత చూచుకొందమందురు.

కలిసిన యజమానులు చేయరాని పని ఒకటి కలదు. నలుగురు ఒకచోట కూర్చుండినపుడు, కుర్చీకి ఇంతకంటె తక్కువ రుసుము ఎవరును తీసికొనరాదని కట్టుబాటు చేసికొందమన్న ఆలోచన సహజముగా వచ్చును. అది చట్టవిరుద్ధము. మన 2002 నాటి కాంపిటీషన్ చట్టము 3వ సెక్షను, పోటీదారులు కలిసి ధరలు నిర్ణయించుకొను ఒప్పందములను నిషేధించుచున్నది. చట్టపు మాట అటుంచినను, కుర్చీలో కూర్చుండువాడు ఒక బీద చిత్రకారుడో, కొత్తగా పని మొదలుపెట్టిన పిల్లయో అయియుండును; వారిని చుట్టుముట్టి దోచుకొనుటకు పొత్తు అను పేరు తగదు.

హైదరాబాదులో మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతముల పెద్ద కంపెనీల ఉమ్మడి కార్యాలయములు అంతస్తులకు అంతస్తులు ఆక్రమించి యున్నవి. అచటికి వచ్చు కంపెనీలు ఒక్కసారిగా వంద కుర్చీలు, రెండువందల కుర్చీలు అడుగుచున్నవి. నలుబది కుర్చీలవాడు ఆ బేరమునకు పోలేడు. ముగ్గురు కలిసి, మూడు చోట్లలో అరువది కుర్చీలు ఒకే బిల్లు మీద ఇవ్వగలమని చెప్పినచో, అరువది మంది ఉద్యోగులలో ఒక్కొక్కరు తమ ఇంటికి దగ్గరిచోట కూర్చుందురు గదా యని ఒప్పుకొను కంపెనీలు లేకపోవు. మధ్యతరగతి ఊళ్ళలో అవసరము వేరు. కోవిడ్ కాలమున పట్టణములకు, పల్లెలకు తిరిగి వచ్చి పని చేసిన మన యువకులు ఇంటి అరుగు మీద, డాబా మీద, ఇంటర్నెట్ అందిన చోటనెల్ల కూర్చుండిరి. మధ్యాహ్నము కరెంటు పోయినచో ఆ దినపు పని ఆగినట్లే. పసిబిడ్డ గల స్త్రీకి ఊరిలోనే, నడచిపోగల దూరమున ఒక నిశ్శబ్దపు గది యున్నచో ఉద్యోగము మానవలసిన పని లేదు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రకటించిన ఐటీ విధానము నగరములలోనే కాక చిన్న ఊళ్ళలోను ఇట్టి పనిచోట్లను ప్రోత్సహింపవలెనని తలపెట్టినది. మంచిదే. కాని ప్రోత్సాహక ధనము చూచి తెరచిన చోటు, ఆ ధనము ఆగిననాడు మూతపడకుండ ఉండవలెనన్నచో ప్రక్క ఊరి యజమానుల తోడు ఉండవలెను.

అట్టి తోడునకు చట్టపు రూపము ఇవ్వదలచినవారికి 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము రెండు తెలుగు రాష్ట్రములలోను ఉన్నది. ఆ చట్టము క్రింద ఏర్పడిన సంఘమున ప్రభుత్వపు వాటాధనము ఉండదు. సభ్యుల సొమ్ముతో, సభ్యులు వ్రాసికొనిన నియమావళితో నడుచును. పాత సొసైటీలలో పాలకవర్గములను ప్రభుత్వమే రద్దు చేయుట చూచి విసిగినవారికి ఇది కొంత ఊరట.

కాని మొదటినాడే సంఘము రిజిస్టరు చేయనక్కరలేదు. ముగ్గురు నలుగురు యజమానులు నెలకొకసారి కలిసికొనిన చాలును. ఆ కలయిక హోటలులో గాక, ఒక నెల ఒకరి చోట, మరునెల వేరొకరి చోట, పని జరుగుచున్న వేళనే పెట్టుకొనవలెను. వేరొకని చోట కూర్చుండి, అచట ఏ కుర్చీ ఎల్లప్పుడును ఖాళీగా ఉండునో, ఏ కిటికీ ప్రక్కన నలుగురు చేరుదురో, కాఫీ పాత్ర ఎవరు కడుగుచున్నారో కన్నులార చూచినవాడు తన చోటునకు పోయి ఆ సాయంకాలమే రెండు బల్లలు జరుపును.